భవిత కేంద్రానికి (వికలాంగ పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ ఇచ్చే చోటు) పిల్లల్ని పంపని ఊళ్లలో ఏం చేస్తున్నారు?

ఆదోని_సహితవిద్య: కోసిగి, కౌతాళం వైపు పేరు రాయిస్తారు, పిల్లను పంపరు. ఫిజియోథెరపీ ఉన్న రోజు కూడా అంతే. ఆశా కార్యకర్తలతో కలిసి పనిచేసేవాళ్లు ఎట్ల చేస్తున్నారో చెప్పండి.

గుత్తి_ఆశా: ‘వికలాంగుల సర్వే’ అని ఆ ఒక్క ఇంటికే పోతే తలుపు తీయరు సార్. ఇంట్లో పెళ్లీడు అక్క ఉంటే సంబంధాలు చెడిపోతాయని భయం. గ్రామ ఆరోగ్య పోషకాహార దినం నాడు అందరి పిల్లల్ని తూకం వేసేటప్పుడే చూడండి. మేనరికం మాట మొదటిరోజే ఎత్తొద్దు, తల్లి మీద నింద పడుతుంది. తల్లి కూలికి పోతుంది కాబట్టి, ఒప్పించాల్సింది పిల్లను పట్టుకుని ఉండే అవ్వను.

రాయదుర్గం_స్పీచ్: పరీక్ష ఏ భాషలో చేస్తున్నారు? మన రెండు వైపులా ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. తండాల్లో లంబాడీ, కడప టౌన్లో ఉర్దూ. తెలుగులో ‘ఇదేంది’ అని బొమ్మ చూపిస్తే పిల్ల నోరు తెరవదు, మనం ‘బుద్ధిమాంద్యం’ అని రాసేస్తాం.

ముందు చెవి చూడండి: చీము కారుతోందా, నూనె పోస్తున్నారా? వినికిడి పరీక్ష కాకుండా మాటల సంగతి తేల్చొద్దు. తర్వాత రెండు భాషల్లో వచ్చిన మాటలూ కలిపి లెక్కపెట్టండి. ఇంటి భాషలో తోటి పిల్లల్లా మాట్లాడుతుంటే అది లోపం కాదు. అందులోనూ వెనకబడి ఉంటేనే పై పరీక్షలకు పంపాలి. దుబాసీగా అన్ననో అక్కనో పెడితే వాళ్లే జవాబు చెప్పేస్తారు. ఆ భాష వచ్చిన అంగన్‌వాడీ ఆయా మేలు. ‘ఇంట్లో తెలుగే మాట్లాడండి’ అనే సలహా మాత్రం దయచేసి మానండి. దాంతో తల్లీపిల్లల మధ్య ఉన్న కాస్త మాటా పోతుంది.

కడప_ఫిజియో: ‘వ్యాయామం రోజుకు 3 సార్లు’ అని కాగితమిస్తే అది గూట్లోనే ఉంటుంది. ఇంటి పనిలో కలపాలి. వేళ్లకు శనక్కాయలు ఒలవడం చాలు, ప్లాస్టిక్ పూసలు కొనక్కర్లేదు.

సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు అన్నిటికంటే ముందు తిండి. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి సంగటి మింగిస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి మాటిమాటికీ నిమ్ము చేస్తుంది. గోడ మూలకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, అర స్పూను చొప్పున పెట్టాలి. సంగటి ముద్దగా వద్దు, పప్పుతో మెత్తగా కలపాలి. మరీ పల్చటి మజ్జిగతో పొలమారితే చిక్కటి రాగిజావ ఇచ్చి చూడండి. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. ఇది అవ్వ చేతే చేయించి చూడాలి, మనం చేసి చూపిస్తే చాలదు.

నంద్యాల_టీచర్: ముందు ఈ తాయెత్తులు, దర్గాలు మాన్పించాలి కదా?

గుత్తి_ఆశా: వద్దు మేడమ్. తాయెత్తు విప్పమంటే మళ్లీ గడప తొక్కనివ్వరు. ‘మంత్రం వేయించుకోండి, ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా ఆపొద్దు’ అని చెప్పండి. ఫిట్స్ వస్తే తాళంచెవులు చేతిలో పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటితే 108.

ఆదోని_సహితవిద్య: సదరంలో (వైకల్యం ఎంత శాతమో తేల్చే సర్టిఫికెట్) 40 శాతం రాలేదని కొందరు మానేశారు. మిరపకోతలకు గుంటూరు పోయేవాళ్లదీ సమస్యే.

రాయదుర్గం_స్పీచ్: 40 శాతం పింఛను లెక్క సార్. బడి సాయానికి 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ఏ శాతమూ అడగదు, అది ఇంట్లోవాళ్లకు విడిగా చెప్పాలి. వలస పోయేవాళ్ల చేతికి ఒక అట్ట ఇవ్వండి: సదరం నంబరు, మాత్ర పేరు, మోతాదు, వ్యాయామాల బొమ్మలు, మీ ఫోన్ నంబరు. పిల్లను అవ్వ దగ్గర వదిలి పోతే అట్ట అవ్వ దగ్గరే ఉండాలి, తల్లి సంచిలో కాదు.