ముగ్గుర్ని కనమని ప్రభుత్వం చెప్తే జనం కంటారా? ఏ దేశంలోనైనా ఇది పనిచేసిందా?

కొత్తపేట_వాసు అడిగిన ప్రశ్న

ముప్పై ఏళ్లపాటు ఇద్దరు చాలన్నారు, మూడో బిడ్డ పుడితే వార్డు మెంబరుగా నిలబడటానికి కూడా పనికిరావన్నారు. ఇప్పుడేమో పిల్లలు పుట్టడం బాగా తగ్గిపోయిందని ఆంధ్రలో ఆ నిబంధన ఎత్తేశారు, 2024 నవంబర్‌లో అసెంబ్లీలో బిల్లు పాసైంది. దానికి ముందు నెలలోనే ముఖ్యమంత్రి, ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తేవాలని ఆలోచిస్తున్నామని కూడా అన్నారు. విజయనగరం ఎంపీ గారైతే ఇంకో అడుగు ముందుకేసి మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు (ఆ తేడా ఎందుకో ఆయనకే తెలియాలి).

పార్టీల గొడవ వద్దు, దయచేసి ఆ యుద్ధం ఇక్కడ మొదలుపెట్టకండి. నాకు కావాల్సింది ఒక్కటే. జనాభా మీద ప్రపంచంలో ఇంత రీసెర్చ్ జరిగింది కదా, సర్కారు చెప్పినంత మాత్రాన, డబ్బులిచ్చినంత మాత్రాన జనం ఎక్కువమందిని కన్న దేశం ఒక్కటైనా ఉందా? ఉంటే ఎలా చేశారు?

దేవనార్_రవి

ముంబై దేవనార్‌లో జనాభా శాస్త్రాల సంస్థ ఉంది, మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు నడిపేది వాళ్లే. అక్కడ చదువుకున్నవాణ్ణి, తెలిసింది చెప్తా. కొంచెం పొడుగవుతుంది.

ఉంది వాసు గారూ, ఒక దేశం ఉంది. రుమేనియా. 1966 అక్టోబర్‌లో అక్కడి కమ్యూనిస్టు నియంత చౌషెస్కు ప్రభుత్వం 770 నంబరు డిక్రీ తెచ్చి, 45 ఏళ్లలోపు వయసుండి నలుగురు పిల్లలు లేని ఆడవాళ్లకి అబార్షన్ దాదాపుగా నిషేధించింది. గర్భనిరోధక సాధనాలు కూడా దొరక్కుండా పోయాయి. సగటున ఒక స్త్రీకి 1.9గా ఉన్న పిల్లల సంఖ్య మరుసటి ఏడాదే 3.7 అయింది. బ్రహ్మాండం అనుకుంటున్నారా? కొన్నేళ్లకే మళ్లీ దిగడం మొదలైంది, 1980ల మొదట్లో 2 దగ్గరికి వచ్చేసింది, ఎందుకంటే జనం దొంగచాటు అబార్షన్లకి దారులు వెతుక్కున్నారు. వాటి వల్ల చనిపోయిన ఆడవాళ్లు సుమారు పది వేలమంది. 1989లో ప్రభుత్వం కూలేనాటికి అనాథాశ్రమాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. కొత్తగా వచ్చినవాళ్లు మొట్టమొదట రద్దు చేసినవాటిలో ఆ డిక్రీ ఒకటి.

బలవంతం లేకుండా డబ్బుతో చూసింది దక్షిణ కొరియా. ఆ దేశం కథ చదువుతుంటే అచ్చం మన కథే. 1970ల్లో ఆడా మగా తేడా లేకుండా ఇద్దర్నే కని బాగా పెంచమని గోడల నిండా రాశారు. జనాభా తగ్గకుండా నిలబడాలంటే ఒక స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి, 1983కల్లా అంతకంటే కిందికి దిగినా ఆపలేదు, 1996 దాకా ఆ పాలసీ అలాగే నడిచింది. 2006 నుంచి రివర్స్ గేర్. పదిహేనేళ్లలో ఖర్చు పెట్టింది సుమారు 280 లక్షల కోట్ల వాన్ (అక్కడి కరెన్సీ). ఫలితం? 2006లో 1.13 ఉన్నది 2023కి 0.72కి పడింది. 2024లో 0.75 అయితే అక్కడ పండగ చేసుకున్నంత పని చేశారు.

స్వీడన్‌ది ఇంకో రకం. 1986లో, మొదటి బిడ్డ పుట్టిన 30 నెలల్లోపు రెండో బిడ్డ పుడితే ప్రసవ సెలవులో మొదటి కాన్పుకి ముందున్న జీతం లెక్కనే డబ్బులిస్తామన్నారు. 1990లో 2.1 దాటింది, ప్రపంచమంతా స్వీడన్ వైపు చూసింది. 1999కల్లా 1.5. మధ్యలో ఆర్థిక మాంద్యం కూడా ఉందనుకోండి. కానీ అసలు కిటుకేంటంటే, ఎలాగూ ఇద్దర్ని కనాలనుకున్నవాళ్లు నాలుగేళ్ల తర్వాత కనాల్సింది రెండేళ్లకే కన్నారు, అంతే. అందుకే ఏ దేశంలోనైనా స్కీం పెట్టిన రెండేళ్లకి మంత్రులు గ్రాఫ్ చూపించి చప్పట్లు కొట్టించుకుంటే నేను నమ్మను, ఆ ఆడవాళ్లకి 45 ఏళ్లు వచ్చాక మొత్తం ఎంతమంది పుట్టారో చూడాలి.

ఇంకో మాట. మన దగ్గర పిల్లలు తగ్గింది ఆ పంచాయతీ చట్టం వల్ల కాదు. చట్టం 1994ది. 1992-93 సర్వేలోనే దేశం సగటు 3.4 ఉంటే ఉమ్మడి ఆంధ్రది 2.6. కేరళ, తమిళనాడుల్లో అలాంటి చట్టం లేకుండానే మనకంటే ముందు తగ్గింది. చట్టం చేసిందేంటో చూడాలంటే మాజీ ఐఏఎస్ అధికారిణి నిర్మలా బుచ్ ఐదు రాష్ట్రాల్లో చేసిన అధ్యయనం చదవండి. అందులో ఆంధ్ర కూడా ఉంది. పదవి కోసం భార్యని వదిలేసినవాళ్లు, బిడ్డని దత్తత ఇచ్చేసినవాళ్లు, అసలు ఆ బిడ్డ నాది కాదన్నవాళ్లు, అందరూ కనిపిస్తారు. అనర్హత వేటు ఎక్కువగా పడింది దళితులు, బీసీలు, ఆడవాళ్ల మీద. అందుకని ఎత్తేయడం మంచిదే, ఎత్తేస్తే పిల్లలు పుడతారనుకోవడమే తప్పు.

సింగపూర్_పద్మ

రవి గారు సింగపూర్ వదిలేశారు కాబట్టి నేను అందుకుంటా. ఇక్కడ 1972 నుంచి ‘ఇద్దరితో ఆపండి’ అని ప్రచారం, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు కాన్పుకీ ఫీజు పెంచడం, మూడో బిడ్డ దాటితే స్కూల్ సీట్లో వెనక్కి నెట్టడం. మూడేళ్లలో లక్ష్యం చేరుకున్నారు. 1987లో ప్లేటు మార్చి ‘స్తోమత ఉంటే ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ’ అన్నారు. ఆ మరుసటి ఏడాది చైనీయుల డ్రాగన్ సంవత్సరం, ఆ ఏడు పుట్టిన పిల్లలకి అదృష్టమని నమ్మకం, దాంతో 1.96కి పెరిగింది. ప్రభుత్వం ఎగిరి గంతేసింది, తర్వాత మళ్లీ మామూలే.

2024 కూడా డ్రాగన్ సంవత్సరమే. అంతకుముందు ఏడాది 0.97, ఆ ఏడాదీ 0.97. డ్రాగన్ కూడా ఏం చేయలేకపోయింది!

ఇక్కడ పౌరసత్వం ఉన్న బిడ్డ పుడితే మొదటి ఇద్దరికీ తలా 11 వేల సింగపూర్ డాలర్లు, మూడో బిడ్డ నుంచి 13 వేలు నగదు ఇస్తున్నారు, అది కాక పిల్లల ఖాతాలో ఇంకొంత. మా ఆఫీసులో దీని గురించి ఎవరూ మాట్లాడుకోరు. పాప ప్రైమరీ ఆరో తరగతి పరీక్షకి ఏ ట్యూషన్, ఇంట్లో పనిమనిషి మానేస్తే ఎవరు చూస్తారు, సాయంత్రం ఏడు గంటల మీటింగ్ ఎలా తప్పించుకోవాలి, ఇవే టెన్షన్లు. వీటికి 13 వేల డాలర్లు మందు కాదండీ.

చీరాల_సుజాత

అందరూ దేశాలన్నీ తిప్పి చూపిస్తున్నారు గానీ మన ఇళ్లలో సంగతి ఎవరూ అనట్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లని తీసుకుంటే దాదాపు 70 శాతం మందికి పిల్లల ఆపరేషన్ అయిపోయింది. దేశం మొత్తం మీద ఇది 38 శాతమే. మగవాళ్లలో చేయించుకున్నవాళ్లు ఒక్క శాతం కూడా లేరు, అది వేరే కోపం.

మా పెద్దమ్మ ఏఎన్ఎమ్‌గా చేసి రిటైరైంది. ఆవిడ చెప్పేది, మార్చి వచ్చిందంటే టార్గెట్ భయం, ఇన్ని కేసులు తేవాలి, తేకపోతే డాక్టరు గారి చేత అందరి ముందూ చివాట్లు. రెండో కాన్పు అయిన పిల్లని, చంకలో పసిగుడ్డుతో సహా, జీపెక్కించి పీహెచ్‌సీ క్యాంపుకి తీసుకెళ్లి వరండాలో చాపల మీద వరసగా పడుకోబెట్టేవాళ్లట. కాగితం మీద 1996లో టార్గెట్లు తీసేశారు, అలవాటు పోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టిందంటుంది. మాత్రలు, లూప్ లాంటివి వాడి గ్యాప్ తీసుకోవడం మన దగ్గర అసలు అలవాటే కాలేదు. ఇరవైకి అటూ ఇటూ పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు, పాతికేళ్లకి ఆపరేషన్.

ఇప్పుడు వీళ్లకి 50 వేలిస్తామన్నా ఆవునిస్తామన్నా ఏం లాభం? ట్యూబులు మళ్లీ కలిపే ఆపరేషన్ ఉంది, అందరికీ ఫలించదు. కాబట్టి ఈ పిలుపు ఇంకా పెళ్లి కానివాళ్లకే. వాళ్లేమో ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు, అత్తగారూ అమ్మా ఎవరో ఒకరు వచ్చి ఆరు నెలలుంటే గానీ ఒక్క బిడ్డని పెంచలేకపోతున్నారు.

ఏలూరు_బుల్లోడు

అయితే చేతులు ముడుచుకుని కూర్చోమంటారా? మా మండలంలో పిల్లల్లేక బడులు కలిపేస్తున్నారు. రేపు ఎంపీ సీట్లు తగ్గిపోతే ఢిల్లీలో మన మాట ఎవడు వింటాడు? చెప్పినట్టు విన్నందుకు మనకి శిక్షా?

దేవనార్_రవి

బుల్లోడు గారూ, సీట్ల విషయంలో మీ బాధ న్యాయమైనదే, కానీ దానికి మూడో బిడ్డ మందు కాదు. లోక్‌సభలో రాష్ట్రాల వాటా ఇప్పటికీ 1971 జనాభా మీదే ఉంది. జనాభాని బట్టి రాష్ట్రాలకి సీట్లు మార్చడం 1976లో ఆపారు, ఆ ఆపడాన్ని 2001 సవరణతో 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. తర్వాతి లెక్కల తేదీ 2027 మార్చి 1. ఇవాళ ఊరంతా ఒక్క మాట మీద నిలబడి కన్నా ఆ లెక్కల్లోకి వచ్చేది ఎంతమంది? అది పార్లమెంటులో తేల్చుకోవాల్సిన పని, దాన్ని తెచ్చి పడగ్గదిలో పెడుతున్నారు.

చేతులు ముడుచుకోమని నేననను. ఏ దేశంలో చూసినా కాస్తో కూస్తో నిలబడ్డది నగదు బహుమతి కాదు, బిడ్డకి ఏడాది నిండేసరికి నమ్మకంగా వదిలే చోటు, కాన్పయ్యాక ఉద్యోగం పోదన్న ధీమా. ఫ్రాన్స్ దశాబ్దాల తరబడి వీటి మీద ఖర్చు పెట్టి యూరప్‌లో మిగతావాళ్లకంటే పైన ఉంటూ వచ్చింది, ఇప్పుడు అక్కడా దిగుతోంది. అంటే ఇవన్నీ చేసినా పడిపోయే వేగం తగ్గుతుంది గానీ మళ్లీ ముగ్గురి రోజులు రావు.

కొత్తపేట_వాసు

చాలా థాంక్స్ రవి గారూ, పద్మ గారూ, సుజాత గారూ. ఒక డౌట్. మరి దేశం మొత్తం జనాభా ఇంకా పెరుగుతోందని అంటున్నారు కదా, తగ్గుతోందని ఇక్కడ ఏడుస్తుంటే?

దేవనార్_రవి

రెండూ నిజమే. దేశం సగటు 2.0కి వచ్చినా, అంతకుముందు పుట్టిన పిల్లలు ఇప్పుడు పెళ్లీడుకొచ్చారు, తల్లుల సంఖ్యే ఎక్కువ కాబట్టి తలా ఇద్దర్ని కన్నా ఇంకొన్ని దశాబ్దాలు పెరుగుతూనే ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద 2080ల మధ్యలో 1030 కోట్ల దగ్గర ఆగి దిగుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. ఆంధ్రలో ఆ తల్లుల తరమే పలచబడుతోంది. బుల్లోడు గారి మండలంలో బడులు ముందు ఖాళీ అవుతాయి, ఆ తర్వాత పొలాల్లో కూలీలు, ఆ తర్వాత పెద్దవాళ్ల పింఛన్ల బిల్లు పెరుగుతుంది. బడ్జెట్‌లో ఈ మూడోదానికి ఎంత పక్కన పెడుతున్నారో అడగండి, ఆవుల సంగతి తర్వాత.