మామూలు షూతో క్లిప్ పెడల్స్ తొక్కొచ్చా?

మియాపూర్_మిత్రుడు:
అందరికీ నమస్తే. మా ఆఫీసులో ఒకాయన బెంగళూరు వెళ్లిపోతూ తన రోడ్ బైక్ అమ్మేస్తే నేను తీసుకున్నా. బండి చాలా బాగుంది, గేర్లు సాఫీగా పడుతున్నాయి, కానీ దానికున్నవి షిమానో ఎస్‌పీడీ పెడల్స్. కాలు ఆనించడానికి వెడల్పు అనేదే లేదు, చిన్న ఇనుప ముక్క, దానికి రెండు వైపులా స్ప్రింగుతో బిగుసుకునే పట్టు. రోజూ మాదాపూర్‌లో ఆఫీసుకు దీని మీదే వెళ్దామని ఆశ. వేసుకునేది స్నీకర్స్, మీటింగులు ఉన్న రోజు లెదర్ షూ. అమ్మినాయన "కొన్నాళ్లు అలాగే తొక్కండి, ఏం కాదు" అన్నారు. నిజంగానే ఏం కాదా? పెడల్ పాడవుతుందా? సిగ్నల్ దగ్గర కాలు అందులో ఇరుక్కుపోతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.

గాలి_ఎదురు:
కాలు ఇరుక్కోదు బ్రో, ఆ భయం వదిలేయండి. షూ కింద క్లీట్ అనే ఇనుప బిళ్ల బిగించి ఉంటేనే ఆ స్ప్రింగు పట్టుకుంటుంది, మామూలు సోల్‌లో దానికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పెడల్‌కు కూడా ఏమీ కాదు. ఇబ్బందంతా జారడంతోనే. మామూలు పెడల్‌కు పళ్లో పిన్నులో ఉండి సోల్‌ను పట్టుకుంటాయి, దీనికి అవేవీ లేవు, నున్నటి లోహం. పొడి రోడ్డు మీద కూర్చుని నిదానంగా తొక్కితే తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సీటు మీద నుంచి లేచి ఒంటి బరువంతా ఒక కాలి మీద వేస్తారు చూడండి, అప్పుడు జారితే పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ముందు ఎముకకు తగులుతుంది, లేదా మనిషే టాప్ ట్యూబ్ (సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే పై గొట్టం) మీద పడతాడు. పక్కన బస్సు ఉందంటే అది చిన్న విషయం కాదు. లెదర్ సోల్‌తో వానలో అయితే అసలు వద్దు. స్నీకర్స్‌తో ఇంకో బాధ, సోల్ మెత్తగా ఉంటుంది కాబట్టి బరువంతా అరికాలి మధ్య ఒకే చోట గుచ్చుకుంటుంది, కాసేపటికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

కొండాపూర్_కాఫీ:
మరీ అంత భయపెట్టకండి అన్నా. పాలప్యాకెట్‌కో, ఇంటి పక్క సందులోకో అయితే గట్టి సోలున్న షూతో హాయిగా వెళ్లిరావచ్చు, మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అలాగే తిరుగుతారు. ఇవి ఎస్‌పీడీ కావడం కూడా నయమే, రెండు వైపులా ఒకేలా ఉంటాయి. రేసు బైకులకు వేసే ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ అయితే పట్టు ఒకవైపే, సిగ్నల్ పడగానే కాలు వేస్తే సగంసార్లు నున్నటి వెనకవైపే తగులుతుంది. ఖర్చు వద్దనుకుంటే షిమానో వాళ్లదే ఎస్‌ఎం-పీడీ22 అని ఒక ప్లాస్టిక్ పలక దొరుకుతుంది, క్లీట్ లాగే ఎస్‌పీడీలోకి టక్కున పడుతుంది, దాని మీద మామూలు షూ పెట్టుకోవచ్చు.

రెండు_చక్రాలు:
ఆ పలక ఎప్పుడో ఒకసారికైతే సరే. రోజూ ఆఫీసుకు అంటే నా ఓటు దానికి పడదు. స్ప్రింగు వదులుగా ఉంటే కాలు కాస్త అడ్డంగా తిరిగినప్పుడు ఊడే అవకాశం ఉంది, పైగా అది ఒకవైపే ఉంటుంది. నేను చుడీదార్‌తో, ఫ్లాట్ చెప్పులతో ఆఫీసుకు తొక్కేదాన్ని, నాకు బాగా నచ్చిన దారి ఒకవైపు ఫ్లాట్, రెండోవైపు ఎస్‌పీడీ ఉన్న పెడల్. షిమానో పీడీ-ఈహెచ్500 అలాంటిదే, ఫ్లాట్ వైపు చిన్న పిన్నులు కూడా ఉంటాయి. వారమంతా మామూలు షూ, ఆదివారం ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు ట్రాక్ మీదకు వెళ్లేటప్పుడు క్లీట్ షూ. కానీ మియాపూర్ గారూ, మీరు అసలు క్లీట్లు వాడతారో లేదో ఇంకా తేలలేదు కదా, ముందు మామూలు ఫ్లాట్ పెడల్స్ వేయించుకుని తొక్కండి. రోడ్ బైక్ అంటే క్లీట్లు ఉండాల్సిందే అని గ్రూపుల్లో అంటుంటారు, పట్టించుకోవద్దు. ట్రాఫిక్‌లో క్షణంలో కాలు కింద పెట్టగలగడమే మనకు ముఖ్యం.

గాలి_ఎదురు:
మేడమ్ మాటే కరెక్ట్. ఒకవేళ తర్వాత క్లీట్ షూ కొంటే మాత్రం ఎస్‌పీడీకి సరిపోయే రెండు బోల్టులవే చూడండి. రోడ్ రేసుల్లో క్లీట్‌ను పట్టుకునే పెడల్స్‌కు పేరు తెచ్చింది లుక్ కంపెనీ, 1985 టూర్ డి ఫ్రాన్స్‌ను ఫ్రెంచ్ రైడర్ బెర్నార్డ్ ఈనో వాటితోనే గెలిచాడు. కానీ వాటి క్లీట్ పెద్దది, సోల్ కిందకు పొడుచుకుని ఉంటుంది, టైల్స్ మీద నడవడం కష్టం. 1990లో షిమానో ఎస్‌పీడీని కొండదారుల్లో తొక్కేవాళ్ల కోసం తెచ్చింది, వాళ్లు మధ్యలో దిగి నడవాలి కాబట్టి క్లీట్ చిన్నది, సోల్ లోపలికి దిగి ఉంటుంది. ఆఫీసు లిఫ్టు దాకా మామూలుగా నడిచిపోవచ్చు. మన ఎండలకు ఎస్‌పీడీ శాండల్స్ కూడా ఉన్నాయి.

మియాపూర్_మిత్రుడు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఫ్లాట్ పెడల్సే వేద్దామని డిసైడయ్యా. ఇంట్లో నేనే మార్చుకోవచ్చా, షాపుకు వెళ్లాలా?

పాత_మెకానిక్:
ఇంట్లోనే అయిపోతుంది బాబూ. కొన్నింటికి 15 ఎంఎం స్పానర్ పడుతుంది, కొన్నింటికి క్రాంక్ (పెడల్ బిగించి ఉండే కడ్డీ) వెనక నుంచి 8 లేదా 6 ఎంఎం అలెన్ కీ. ముందు చైన్‌ను పెద్ద పళ్ల చక్రం మీదకు వెయ్యి, చెయ్యి జారినా పళ్లు గీసుకోవు. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, చాలామంది అది తెలియక విప్పుతున్నామనుకుని ఇంకా బిగించేస్తారు. గుర్తు ఏంటంటే, స్పానర్‌ను నిలువుగా పైకి ఉండేలా పెట్టు, వెనక చక్రం వైపు లాగితే వదులవుతుంది, ముందు చక్రం వైపు తోస్తే బిగుసుకుంటుంది, రెండు వైపులా ఇదే లెక్క. కొత్త పెడల్స్ మీద ఎల్, ఆర్ అని ఉంటుంది చూసుకో, మరకు కాస్త గ్రీజు రాసి మొదటి చుట్లు చేత్తోనే తిప్పు. చేత్తో తిరగకపోతే అడ్డంగా ఎక్కుతోందని అర్థం, స్పానర్‌తో బలవంతం చేస్తే క్రాంక్ మర పోతుంది. కొనేటప్పుడు 9/16 అంగుళం సైజు అడుగు, రోడ్ బైకులకు అదే.