జామ్‌లో (‘జస్ట్ ఎ మినిట్’, ఇచ్చిన అంశంపై ఒక్క నిమిషం మాట్లాడే అభ్యాసం) నిమిషం మాట్లాడేవాళ్లు ఐదు నిమిషాల ప్రసంగంలో ఆగిపోతున్నారు, ఏం చేయాలి?

బీటెక్ మొదటి ఏడాది ఇంగ్లిష్ కమ్యూనికేషన్ ల్యాబ్ నడిపేవారి సలహా కావాలి. బ్యాచ్‌కు 30 మంది, సెషన్ రెండు గంటలు. జామ్ వరకు పిల్లలు ఎలాగో నెట్టుకొస్తున్నారు, ఐదు నిమిషాల ప్రసంగం దగ్గరే బండి ఆగుతోంది.

అసలు చిక్కు బట్టీతోనే. నిమిషానికి 120 మాటల లెక్కన 600 మాటలు రాసుకొస్తారు, కంగారులో మూడున్నర నిమిషాల్లో అప్పజెప్పేస్తారు. మధ్యలో ఒక్క మాట జారిందా, తర్వాతవన్నీ పోయినట్టే. గుర్తున్నది విషయం కాదు, మాటల వరస మరి.

అందుకని స్క్రిప్టు మాన్పించి అరచేతిలో పట్టే మూడు కార్డులు ఇస్తున్నాం. ఒక్కో కార్డు మీద నాలుగైదు ముక్కలు, పెద్ద అక్షరాల్లో. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రమే కంఠతా. (ఏ4 కాగితం అసలు వద్దు, చేతి వణుకంతా దాని రెపరెపల్లో తెలిసిపోతుంది.)

బట్టీ తగ్గింది కానీ ‘సో’, ‘యాక్చువల్లీ’ పెరిగాయి. అన్నప్పుడల్లా బెల్లు కొడితే ఇంకా బిగుసుకుపోతున్నారు. వాక్యం చివర నోరు మూసి ఒక శ్వాస తీసుకోవడం అలవాటు చేయించడానికి మీరు వాడే అభ్యాసం ఏమిటి? తెలుగు మీడియం పిల్లలతో అదే కార్డు మీద ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో మాట్లాడించి చూశారా? లేక తెలుగు వాక్య నిర్మాణమే ఇంగ్లిష్‌లోకి వచ్చేస్తోందా?

ఇంకోటి, 30 మందికి ఐదేసి నిమిషాలంటేనే 150 నిమిషాలు. ఆరుగురేసి జట్లుగా ఫోన్‌లో రికార్డు చేయిస్తే మార్కులు ఎలా వేస్తారు?