నాలుగు డిస్కుల చిన్న హోమ్ సర్వర్: విడిభాగాలు, పవర్ సప్లై ఎంపికపై చర్చ

చిన్నపెట్టె:
నాలుగు 3.5 అంగుళాల హార్డ్ డిస్కులు, ఒక ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీతో (బోర్డుకే గుచ్చే వేగవంతమైన చిప్ డిస్కు) ఇంట్లో 24 గంటలూ నడిచే చిన్న సర్వర్‌ను సమకూర్చుకోవాలనుకుంటున్నాను. ఫోటోలు, పత్రాల బ్యాకప్, ఇంట్లోవాళ్లు చూసే వీడియోలు తప్ప దానికి వేరే పని ఉండదు. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ ఐటీఎక్స్ (చిన్న చదరపు సైజు) బోర్డు దాదాపు ఖాయం చేసుకున్నాను. దాని టీడీపీ (ప్రాసెసర్ వేడి లెక్కకు కంపెనీ ఇచ్చే అంకె) 6 వాట్లే కాబట్టి అడాప్టర్‌తో నడిచే పికో రకం (బోర్డుకే గుచ్చే అతి చిన్న) పవర్ సప్లై చాలుతుందా, లేక ఎస్ఎఫ్ఎక్స్ (చిన్న కేసుల్లో పట్టే మామూలు పెట్టె సప్లై) తీసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇలాంటివి నడుపుతున్నవారు మీ అనుభవం చెప్పగలరు.

వోల్టులెక్క:
ప్రాసెసర్ సంగతి పక్కన పెట్టి, లెక్కను డిస్కుల దగ్గర మొదలుపెట్టండి. ఆగి ఉన్న 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టి పూర్తి వేగం అందుకునే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైను మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే అది 8 ఆంపియర్లు, అంటే 96 వాట్లు. బోర్డు, ర్యామ్, ఫ్యాన్లు, డిస్కుల 5 వోల్టుల వాటా కలిపితే ఆ క్షణంలో 130 వాట్ల దాకా అవసరమవుతుంది. వేగం అందుకున్నాక అవే డిస్కులు ఒక్కొక్కటి 5 నుంచి 8 వాట్లతో సరిపెట్టుకుంటాయి, నిద్రలోకి వెళితే ఒక వాటు చుట్టుపక్కల ఆగుతాయి. అందువల్ల మీ పవర్ సప్లై ఆ కొద్ది సెకన్ల బరువును తట్టుకోవాలి, మిగిలిన రోజంతా అతి తక్కువ బరువు మీద కూడా పొదుపుగా నడవాలి.

ఈ రెండో విషయంలో 80 ప్లస్ గోల్డ్ ముద్ర (పవర్ సప్లై పొదుపుకు ఇచ్చే గుర్తింపు) చూసి నిశ్చింతగా ఉండకండి. ఆ పరీక్ష 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర జరుగుతుంది. 10 శాతం దగ్గర కూడా కొలిచేది అంతకంటే పై మెట్టైన టైటానియం స్థాయికి. 500 వాట్ల సప్లైలో 20 శాతం అంటే 100 వాట్లు. డిస్కులు నిద్రపోయినప్పుడు మీ సర్వర్ 15 వాట్ల దగ్గర ఉంటుంది, అక్కడ దాని సామర్థ్యం ఎంతో ఆ ముద్ర ఏమీ చెప్పదు. ఏడాది పొడవునా వృథా అయ్యే ఒక్కో వాటు 8.76 యూనిట్ల కరెంటుతో సమానం కాబట్టి, తక్కువ లోడ్ దగ్గర కొలిచి రాసిన సమీక్షలనే వెతకండి.

నిశ్శబ్దం:
నేను పికో వాడుతున్నాను, రెండు డిస్కులకు అది చక్కగా పనిచేస్తోంది. 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే సాధారణ పికోలో ఆ 12 వోల్టులు దాదాపు నేరుగా డిస్కులకు వెళ్లిపోతాయని గుర్తుంచుకోవాలి. ఆ చిన్న బోర్డు తయారుచేసేది ముఖ్యంగా 5, 3.3 వోల్టులే, కాబట్టి డిస్కులకు అందే కరెంటు నాణ్యత అడాప్టర్ చేతిలో ఉంటుంది. ఖాళీగా ఉన్న మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల) కనెక్టర్‌లో పసుపు తీగకూ నల్ల తీగకూ మధ్య మల్టీమీటర్ పెట్టి, కనిష్ఠ విలువను పట్టుకునే అమరికలో ఉంచి, సర్వర్‌ను ఆన్ చేసి చూడండి. డిస్కులు లేచేటప్పుడు 12 వోల్టులు కొంత తగ్గడం సహజమే కానీ, పీసీ పవర్ సప్లైలకు చాలాకాలంగా ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం 5 శాతం తేడానే ఒప్పుకుంటుంది కనుక 11.4 కంటే దిగకూడదు. నా దగ్గర సన్నని తీగ ఉన్న అడాప్టర్‌ను తీసి మందపాటి తీగ ఉన్నది పెట్టగానే ఆ పడిపోవడం స్పష్టంగా తగ్గింది. నాలుగు డిస్కులకైతే నేను పికో వైపు వెళ్లను.

రాత్రిపహరా:
పవర్ సప్లైలో రెండు మూడు వాట్లు మిగుల్చుకుని సాటా కంట్రోలర్ (డిస్కులను బోర్డుకు కలిపే చిప్) దగ్గర అంతకంటే ఎక్కువ పోగొట్టుకునేవారు చాలామంది ఉన్నారు. ఎన్100కు ఉన్నవి 9 పీసీఐఈ లేన్లే (ఇతర చిప్పులను, కార్డులను కలిపే దారులు) కాబట్టి అదనపు సాటా పోర్టులు బోర్డు మీదున్న వేరే చిప్ నుంచి వస్తాయి. ఆ చిప్‌కు ఏఎస్‌పీఎం (పని లేనప్పుడు ఆ దారిని నిద్రపుచ్చే పద్ధతి) సరిగా రాకపోతే, యంత్రం ఖాళీగా ఉన్నా ప్రాసెసర్ లోతైన సీ-స్టేట్లలోకి (ప్రాసెసర్ నిద్ర మెట్లు, అంకె పెరిగేకొద్దీ నిద్ర లోతు) దిగలేదు. నా అనుభవంలో జేఎంబీ585 అనే సాటా చిప్ కంటే ఏఎస్ఎం1166 ఈ విషయంలో మెరుగ్గా ఉంది. పాత సర్వర్ల నుంచి వచ్చే ఎల్ఎస్ఐ డిస్కు కంట్రోలర్ కార్డులు నమ్మకమైనవే అయినా, 10 వాట్ల దగ్గర తింటాయి, వేడెక్కుతాయి. లినక్స్ పెట్టగానే పవర్‌టాప్ (కరెంటు వాడకాన్ని చూపే ప్రోగ్రామ్) తెరిచి ప్యాకేజీ వరుసలో సీ8 లేదా సీ10 కనిపిస్తోందో లేదో చూడండి.

ఈసీసీ మెమరీ (డేటాలో తప్పులను పట్టి సరిదిద్దే ర్యామ్) కావాలంటే ఎన్100 కుదరదు. డీడీఆర్5 చిప్పుల లోపల ఉండే దిద్దుబాటు ఈసీసీకి ప్రత్యామ్నాయం కాదు.

చిన్నపెట్టె:
అందరికీ ధన్యవాదాలు. ఎస్ఎఫ్ఎక్స్‌కే మొగ్గుతున్నాను. సప్లైకి ఉన్న సాటా తీగ మీద మూడు కనెక్టర్లే ఉన్నాయి. నాలుగో డిస్కుకు మోలెక్స్ నుంచి సాటాకు మార్చే తీగ పెట్టవచ్చా?

వోల్టులెక్క:
పెట్టవచ్చు, కానీ తీగలను ప్లాస్టిక్‌లో పోతపోసి మూసేసిన రకం మాత్రం వద్దు. దాని లోపల తీగలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉండి, కాలక్రమంలో షార్టయి కాలిపోయిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. ఒక్కో తీగ కనెక్టర్ వెనకవైపు విడివిడిగా దిగి, మూత తీస్తే లోపలి లోహపు పళ్లు కనిపించే రకం తీసుకోండి.

మరో మాట, సప్లై మాడ్యులర్ (తీగలు ఊడదీయగల రకం) అయితే దాంతో వచ్చిన తీగలనే వాడాలి. డిస్కు వైపు కనెక్టర్‌కు ప్రమాణం ఉంది కానీ సప్లై వైపు పిన్నుల అమరికకు ప్రమాణం లేదు, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా అది మారుతుంది. వేరే సప్లై తీగ అక్కడ చక్కగా దూరిపోయి, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు పంపితే, నాలుగు డిస్కులూ ఒకేసారి పోతాయి. పాత తీగల సంచిని ఆ సర్వర్ దరిదాపులకు రానివ్వకండి.