క్యాంపస్ రేడియోకి మెస్ వంటగది మీద కార్యక్రమం: మైకు పెట్టగానే మాట మారిపోతోంది, ఏం చేయాలి?

హాస్టల్_గది_214

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఎంఏ రెండో సంవత్సరం, ఈ సెమిస్టర్‌లోనే మా క్యాంపస్ రేడియోలో చేరాను. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం లైబ్రరీ, సాయంత్రం స్టూడియో ఖాళీగా ఉంటే అదృష్టం, లేకపోతే గదిలోనే దుప్పటి కప్పుకుని ఫోన్‌లో రికార్డింగ్. మా మెస్ వంటగది మీద 15 నిమిషాల కార్యక్రమం చేద్దామని నాలుగున్నరకే లేచి వెళ్లాను. పెద్ద పొయ్యి భుస్సుమని అంటుకోవడం, ఉల్లిపాయలు తరిగే చప్పుడు, అన్నీ దొరికాయి.

సమస్య అక్కడ వంట చేసే అక్కతో. మామూలుగా మాట్లాడుతూ "మూడున్నరకే లేస్త, పిల్లగాండ్లు ఖాళీ కడుపుతోని క్లాసుకు పోవద్దు గదా" అంది. ఆ మాట కోసమే మైకు ముందు పెడితే, "మేము ఉదయం మూడున్నర గంటలకు నిద్ర లేచి విద్యార్థులకు అల్పాహారం తయారు చేస్తాము" అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మూడుసార్లు తీసినా అంతే. పైగా ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు. వెనకాల సినిమా పాట వేసేయ్, ఏమీ వినపడదు అని ఒక సీనియర్ అన్నారు, నాకు మనసొప్పట్లేదు. శుక్రవారంలోపు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

పల్లె_మైకు

చెల్లీ, ఆ అక్క తప్పేం లేదు. రేడియో అంటే పుస్తకంలో భాషే మాట్లాడాలని మనమే ఇన్నేళ్లూ నేర్పాం. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో సంఘం రేడియో 2008 నుంచి ఉంది, నడిపేది దళిత మహిళా రైతులు, అక్కడ వినపడేది వాళ్లు పొలంలో మాట్లాడుకునే భాషే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, అంటే మీ వంటగది అక్క యాసకి కూడా అందులో చోటుందనే కదా.

నువ్వు చేయాల్సింది ఒకటే, ఇంటర్వ్యూ మానెయ్. రికార్డు చేస్తున్నానని ముందే చెప్పి ఒప్పుకుంటేనే మొదలుపెట్టు, తర్వాత ఆవిడ పక్కన కూర్చుని వెల్లుల్లి వొలువు. చేతులు పనిలో ఉంటే మాట దానంతటదే వస్తుంది. మొదటి పది నిమిషాలు పనికిరావు, పోనీ. "మీ దినచర్య చెప్పండి" లాంటి ప్రశ్న మాత్రం వద్దు, అలా అడిగితే ఎవరైనా వ్యాసమే చెప్తారు. అంతా అయ్యాక ఆవిడకి వినిపించు, ఏదైనా తీసెయ్యమంటే తీసెయ్యి.

సౌండ్_పిచ్చోడు

సినిమా పాట అస్సలు వద్దు. హక్కులకి డబ్బు కట్టాలి, మీ స్టేషన్‌కి ఆ లైసెన్స్ ఉందో లేదో ముందు కనుక్కో. అదీ కాక పాట వేస్తే హోరు పోదు, పాట కింద హోరు అలాగే ఉంటుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆవిడ నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం పక్కగా పట్టుకో, "ప", "భ" అన్నప్పుడు గాలి కొట్టదు. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం వంటగదిని మాత్రమే రికార్డు చెయ్, ఇది మర్చిపోవద్దు. ఆడాసిటీలో (సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) నాయిస్ తగ్గించడానికీ, అతుకులు కనపడకుండా కలపడానికీ అదే ఆధారం. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు బిందెలోంచి వచ్చినట్టుంటుంది, జాగ్రత్త. హోరు కొంచెం ఉండనీ, అది వంటగదే కదా.

పాత_అనౌన్సర్

అమ్మాయ్, నేను ఆకాశవాణిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నాటకాల్లో వాన కావాలంటే చేటలో శనగలు మెల్లగా అటూ ఇటూ ఒరిగించేవాళ్లం, మంటకి సెల్లోఫేన్ కాగితం నలిపేవాళ్లం. నీకు నిజమైన మంటే దొరికింది, దాని మీద పాట కప్పకు. నీ వ్యాఖ్యానం ఎంత తగ్గిస్తే అంత మంచిది. "ఇప్పుడు సమయం నాలుగున్నర, వంటగది మేల్కొంది" లాంటి వాక్యం రాసి ఉంటే కొట్టెయ్, పొయ్యి చప్పుడుతో మొదలుపెట్టి పది సెకన్లు ఊరుకో.

హాస్టల్_గది_214

అందరికీ చాలా థాంక్స్. (ఆ వాక్యం నిజంగానే రాశాను అంకుల్, కొట్టేశాను.) నిన్న మళ్లీ వెళ్లాను, చెప్పి, ఒప్పించి, గంటన్నర వెల్లుల్లి వొలిచాను. ఇరవై నిమిషాలు దాటాక, ఏమీ అడగకుండానే, రెండు రోజుల నుంచి టిఫిన్‌కి రాని ఒక అబ్బాయి గురించి మొదలుపెట్టింది. "పరీచ్చలున్నయో, పైసలు లేవో, ఏమో బిడ్డా. ఓ ప్లేటు పక్కకు వెట్టిన." ఆ "పక్కకు వెట్టిన" దగ్గర ఇడ్లీ పాత్ర మూత పడిన చప్పుడు కూడా వచ్చింది, దాన్ని అలాగే ఉంచాను.

ఇయర్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వాళ్లమ్మ నారాయణపేట దగ్గర ఊళ్లో ఉంటుందట, మా రేడియో అక్కడిదాకా వినపడుతుందా అని అడిగింది. మా ట్రాన్స్‌మిటర్ పది కిలోమీటర్లు దాటదు. ప్రసారం అయిన రోజే ఆడియో ఆవిడ ఫోన్‌కి పంపిస్తానని చెప్పాను.