డబ్ల్యూ-4 ఫారంలో ఏం రాయాలి? శుక్రవారం లోపు ఇవ్వమంటున్నారు

అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా రెండేళ్ల బాబూ మార్చిలో డాలస్ వచ్చాం. నాది హెచ్-1బి (ఉద్యోగ వీసా), వాళ్లిద్దరిదీ హెచ్-4 (కుటుంబ వీసా). జీతంలో ఫెడరల్ పన్ను ఎంత కోయాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఫారం నింపి శుక్రవారం లోపు ఇమ్మన్నారు ఆఫీసులో. "ఎగ్జెంప్ట్ (పన్ను కోయొద్దు) అని పెట్టెయ్, జీతమంతా చేతికొస్తుంది" అని తెలిసినాయన ఒకరు చెప్పారు. ఇంకొకరేమో రెండు అలవెన్సులు పెట్టమంటున్నారు. ఫారమంతా వెతికినా ఆ మాటే కనపడలేదు. ఊళ్లో అమ్మానాన్నల ఖర్చు నాదే, వాళ్లని డిపెండెంట్లుగా చూపించొచ్చా? కాస్త టెన్షన్‌గా ఉంది.

---

తమ్ముడూ, ముందు ఆ ఎగ్జెంప్ట్ మాట మర్చిపో. పోయిన ఏడాది ఇక్కడ పన్ను బాధ్యత లేకుండా, ఈ ఏడాది కూడా ఉండదని తెలిసినవాళ్లకే అది. ఏడాది పొడుగునా జీతం తీసుకునేవాడికి రెండోది ఎలా కుదురుతుంది? ఇప్పుడు చేతికొచ్చిందంతా ఏప్రిల్ 15కి ఒక్కసారిగా కట్టాలి, దానిమీద పెనాల్టీ వేరే. అలవెన్సులంటే కోసే పన్ను తగ్గించడానికి పాత ఫారంలో వేసే అంకె. ఆ సలహా ఇచ్చినాయన 2020కి ముందు ఫారం నింపి ఉంటాడు. ఆ ఏడాదే వాటిని తీసేశారు.

ఇప్పుడున్నవి ఐదు స్టెప్పులు. ఒకటి, ఐదు (వివరాలు, సంతకం) అందరికీ తప్పనిసరి. నువ్వు మార్చి నుంచి ఇక్కడే ఉంటే డిసెంబరుకల్లా 183 రోజులు దాటిపోతాయి కాబట్టి పన్ను లెక్కలో రెసిడెంట్‌వే. వచ్చిన ఏడాది మాత్రం ఒక మెలిక ఉంది. జాయింట్‌గా రిటర్న్ వేయాలంటే ఏడాదంతా రెసిడెంట్లుగా లెక్కించమని ఇద్దరూ సంతకం చేసిన కాగితం దానికి జతచేయాలి. అప్పుడు జనవరి, ఫిబ్రవరిల్లో ఇండియాలో వచ్చిన జీతం కూడా చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ ఉంటుందిలే. అలా వేసే ఉద్దేశమైతే స్టెప్ 1లో మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ టిక్ పెట్టు. స్టెప్ 2 ఇద్దరికీ ఉద్యోగాలుంటే నింపేది, మీ ఆవిడకి ఉద్యోగం లేదు గనక వదిలెయ్.

కానీ ఆ స్టెప్ 2ని గుర్తు పెట్టుకో. నేను దెబ్బతిన్నది అక్కడే. 2022 జులైలో మా ఆవిడకి ఈఏడీ (పని చేసే అనుమతి) వచ్చి ఉద్యోగంలో చేరింది. తన ఫారంలోనూ మ్యారీడ్ అనే పెట్టాం, స్టెప్ 2 ఖాళీగా వదిలేశాం. నా కంపెనీ ఏమో ఇంటికంతటికీ నా జీతమొక్కటే అనుకుని స్టాండర్డ్ డిడక్షన్ 25,900 డాలర్లు మినహాయించి పన్ను కోసింది. తన కంపెనీ కూడా సరిగ్గా అదే లెక్క వేసింది. ఒక్కసారి రావాల్సిన మినహాయింపు రెండు చోట్ల పడింది, తక్కువ రేటు శ్లాబులూ అంతే. ప్రతి నెలా చేతికి బాగానే వస్తోందని మురిసిపోయాం. రిటర్న్ వేసేటప్పుడు చూస్తే 4,800 డాలర్ల బాకీ! ఇద్దరి జీతాలూ దాదాపు సమానమైతే ఇద్దరి ఫారాల్లోనూ స్టెప్ 2లోని 2(సి) బాక్స్ టిక్ చేయాలి, ఒక్కరిదే చేస్తే చాలదు. జీతాల్లో బాగా తేడా ఉంటే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) వెబ్‌సైట్‌లో పన్ను లెక్కేసే ఎస్టిమేటర్‌లో పే స్టబ్ (జీతం చీటీ) అంకెలు వేసి చూసుకోవడం మంచిది.

అమ్మానాన్నలు ఇండియాలో ఉంటే డిపెండెంట్లుగా చూపించడం కుదరదు, ఎంత డబ్బు పంపినా సరే. బాబు సంగతి వేరు. హెచ్-4 మీద ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) రాదు కాబట్టి పిల్లలకిచ్చే పూర్తి పన్ను తగ్గింపు, అదే చైల్డ్ క్రెడిట్, లేదు. ఐటిఐఎన్ (ఎస్‌ఎస్‌ఎన్ రానివాళ్లకిచ్చే పన్ను నంబరు) తీసుకుంటే 500 డాలర్ల క్రెడిట్ వస్తుంది. స్టెప్ 3లో పిల్లల గడిలో కాకుండా ఇతర డిపెండెంట్ల గడిలో ఆ 500 వెయ్యి. ఐటిఐఎన్ దరఖాస్తు రిటర్న్‌తో పాటే పంపొచ్చు, మీ ఆవిడది కూడా.

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, రాష్ట్ర ఫారం గొడవ నీకు లేదు. కాలిఫోర్నియాకో న్యూజెర్సీకో మారితే అక్కడి ఫారం విడిగా నింపాలి.

---

అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. మనవాళ్లు మర్చిపోయేది ఇంకొకటుంది, ఎన్‌ఆర్‌ఈ (ఎన్నారైలకి ఇండియా బ్యాంకుల్లో ఉండే ఖాతా) ఎఫ్‌డీ వడ్డీ. ఇండియాలో దానిమీద పన్ను లేకపోయినా ఇక్కడ రెసిడెంట్ అయ్యాక కట్టాల్సిందే. ఏడాదికి ఎంతొస్తుందో ఇతర ఆదాయం గడి 4(ఎ)లో రాస్తే జీతంలోనే కొంచెం కొంచెంగా కోస్తారు.

ఇది చదివే ఎఫ్-1 (చదువు వీసా) పిల్లలు ఈ తమ్ముడి టిక్కులు కాపీ కొట్టకండి. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా మీరు నాన్ రెసిడెంట్లు. పెళ్లయినా జాయింట్ గడి మీది కాదు, సింగిల్ గడే. 4(సి) కింద ఖాళీలో ఎన్‌ఆర్‌ఏ (నాన్ రెసిడెంట్ ఏలియన్) అని రాయాలి. సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం మీకు కోయకూడదు. కోస్తుంటే వెంటనే పేరోల్ వాళ్లకి చెప్పండి.

---

చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. ఎగ్జెంప్ట్ తీసేశాను. ఒక్క డౌట్, తర్వాత మార్చాలంటే వచ్చే ఏడాది దాకా ఆగాలా?

---

అక్కర్లేదు తమ్ముడూ. ఎప్పుడైనా కొత్త ఫారం ఇవ్వొచ్చు. అది నేరుగా ఐఆర్‌ఎస్‌కి వెళ్లదు, నీ కంపెనీ దగ్గరే ఉంటుంది. మొదటి పే స్టబ్ రాగానే ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ అనే లైను చూడు. అక్కడ సున్నా ఉంటే ఆ ఎగ్జెంప్ట్ ఇంకా పోలేదని అర్థం.