ఉప్పు రోడ్ల మీద తిరిగే పికప్‌కి ఏది మేలు: ఏటా ఆయిలా, ఒక్కసారి రబ్బరు కోటింగా?

మలక్‌పేట ట్రాలీ:
మా తమ్ముడు బఫెలోలో ఉంటాడు. అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున, చలికాలమంతా మంచు పడే ఊరు. మొన్న సెకండ్ హ్యాండ్‌లో 2017 ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాడు. మంచు గడ్డకట్టకుండా అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు నీళ్లు ఎగిరి బండి కిందంతా పట్టి తినేస్తాయి. కిందంతా రబ్బరు అండర్‌కోటింగ్ వేయించేస్తే ఇక బెంగ ఉండదని వాడంటున్నాడు. పక్కింటాయనేమో అది వద్దు, ఏటా ఆయిల్ స్ప్రే కొట్టించు అంటున్నాడట. నన్నడిగాడు.

నేను మంచు చూడలేదు కానీ ఉప్పు నీళ్లు రోజూ చూస్తాను. మచిలీపట్నం నుంచి రామ్‌నగర్ మార్కెట్‌కి రెండు బొలెరో పికప్‌లలో సముద్రపు చేపలు తెస్తాం. ఐసు కరిగిన నీళ్లు వెనక సరుకు వేసే టబ్ సందుల్లోంచి చాసీ మీదికి, అంటే బండి కింది ఇనుప చట్రం మీదికి, కారుతూనే ఉంటాయి. ఒక బండికి కొన్న ఏడాదికే ఒక షాపులో రబ్బరు కోటింగ్ వేయించాను. నాలుగేళ్లు నల్లగా నిగనిగలాడుతూ ఉంటే బాగుందనే అనుకున్నాను. ఒకరోజు కమాన్ కట్టలు (చక్రాల పైన ఉండే స్ప్రింగు పట్టీలు) మార్చడానికి ర్యాంప్ ఎక్కించినప్పుడు మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో అలా పొడిచాడు, కోటింగ్ అట్టులా లేచి వచ్చింది, వెనకాలే దోసెడు తుప్పు పొడి రాలింది. క్రాస్ మెంబర్‌కి, అదే చాసీలో అడ్డంగా ఉండే ఇనుప దూలానికి, నా బొటనవేలు పట్టేంత బొక్క. కోటింగ్ లేకుంటే తుప్పు కంటికి కనపడేది, మొదటి ఏడాదే గీకి రంగేసుకునేవాణ్ణి. అందుకే ఆయిలే కొట్టించమని తమ్ముడికి చెప్పాను. తప్పు చెప్పానా?

ఆటోనగర్ టింకరింగ్:
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ కోటింగ్‌ని తిట్టడం న్యాయం కాదు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఏడాది పాటు ఉప్పు నీళ్లు తాగిన చాసీ అది. కడిగి, రెండు రోజులు ఆరబెట్టి, వైర్ బ్రష్‌తో తెల్ల ఇనుము కనపడేదాకా గీకి, ప్రైమర్ వేసి, ఆ తర్వాత కోటింగ్ వేయాలి. మీకు వేసినవాళ్లు పొద్దున బండి తీసుకుని సాయంత్రం ఇచ్చేసి ఉంటారు. తడి లోపలే ఉండిపోయింది, పైన మూత పడింది, అంతే. షోరూమ్ నుంచి నేరుగా తెచ్చిన బండికి పద్ధతిగా వేస్తే నేను వేసినవి పదేళ్ల తర్వాత కూడా గట్టిగా ఉన్నవి చూశాను. పైగా ఆయిల్ అంటే వానాకాలంలో చక్రాల కింద ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి? దుమ్ము పట్టి జిగటగా తయారవుతుంది, తర్వాత బండి కింద పని చేయాల్సింది మేమే కదా.

నిజాంపేట రిటర్న్:
డెట్రాయిట్ దగ్గర తొమ్మిదేళ్లు ఉండి వచ్చాను, అక్కడ రెండు పికప్‌లు వాడాను, కాబట్టి ఇది కొంచెం పొడుగ్గా రాస్తాను. ఆ ఊరి కిందే, సుమారు 350 మీటర్ల లోతున, ఉప్పు గని ఉంది. రోడ్ల మీద చల్లేది ఎక్కువగా మన వంటింటి ఉప్పు లాంటిదే, సోడియం క్లోరైడ్. చలి మైనస్ 9 డిగ్రీలు దాటాక అది సరిగా పనిచేయదు, అప్పుడు కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు. అసలు బాధ వీటితోనే. ఇవి గాలిలో తేమను లాక్కుంటాయి. మామూలు ఉప్పు ఆరితే తెల్లగా పొడిబారి ఊరుకుంటుంది, ఇవి మాత్రం మంచు పోయాక కూడా ఇనుము మీద తడిగానే ఉంటాయి. మంచు పడకముందే ఉప్పు నీళ్లను రోడ్ల మీద స్ప్రే చేయడం కూడా ఉంది, ద్రవం కాబట్టి బండి సందు సందుకీ వెళ్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పికప్ చాసీ చాలావాటిలో డబ్బాలాగా మూసి ఉంటుంది, లోపల డొల్ల. బురద, ఉప్పు నీళ్లు రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి, బయటికి రావు. తుప్పు లోపలి నుంచి బయటికి తింటుంది. రబ్బరు కోటింగ్ బయటి వైపే వేస్తారు, లోపలికి చేరదు. ఆయిల్ అయితే పొడుగాటి గొట్టం పెట్టి లోపల కొడతారు, అది అతుకుల్లోకి తనంతట తానే పాకుతుంది. కెనడాలో క్రౌన్, రస్ట్ చెక్ లాంటి కంపెనీలు ఏటా ఇదే పని చేస్తాయి. ఫ్లూయిడ్ ఫిల్మ్ అని ఇంకోటి ఉంది, గొర్రెల ఊలు నుంచి తీసిన మైనంతో చేస్తారు, మామూలు ఆయిల్ కంటే చిక్కగా ఉంటుంది, తొందరగా కొట్టుకుపోదు.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్లు టయోటా సంగతి చూడండి. 1995 నుంచి 2000 వరకు వచ్చిన టాకోమా పికప్‌ల చాసీలు తుప్పుకి చిల్లులు పడుతుంటే 2008లో కంపెనీ వారంటీని 15 ఏళ్లకు పెంచింది, మరీ పాడైన బండ్లను మార్కెట్ ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొనుక్కుంది. తర్వాత మోడళ్ల మీద మళ్లీ కేసులు పడ్డాయి, 2016లో కుదిరిన ఒప్పందం దాదాపు 15 లక్షల బండ్లకు వర్తించింది, దాని విలువ 340 కోట్ల డాలర్ల వరకు లెక్కగట్టారు. అంత పెద్ద కంపెనీ చాసీయే అలా పోయిందంటే పైపూతను నమ్ముకుని కూర్చోగలమా?

చంపాపేట డ్రైవర్:
ఇంతకీ పాత ఇంజన్ ఆయిల్‌లో కొంచెం డీజిల్ కలిపి కొడితే సరిపోదా? మా ఊళ్లో ట్రాక్టర్లకు అదే చేస్తాం. ఫ్రీగా వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ కెమిస్ట్రీ:
వద్దు తమ్ముడూ. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి. ఒంటికి తగిలితే మంచిది కాదు, వానకి కారి నేలలోకి, బోరు నీళ్లలోకి పోతుంది. కమాన్ల లాంటి చోట్ల అతుకుల్లో ఉండే రబ్బరు బుష్‌లు కూడా ఉబ్బి పాడవుతాయి. ఆ మాటకొస్తే కొన్ని రకాల రబ్బరుకి ఊలు మైనం కూడా పడదు, బుష్‌ల మీద పడకుండా కొట్టమనాలి.

ఇంకోటి, బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ తుప్పు నిరోధక పెట్టెల గురించి మీ తమ్ముడికి ఎవరైనా చెబితే కొనొద్దనండి. ఓడలకు అలాంటి రక్షణ పనిచేస్తుంది, ఎందుకంటే ఓడ మొత్తం ఉప్పు నీటిలో మునిగి ఉంటుంది, కరెంటు తిరగడానికి దారి ఉంటుంది. రోడ్డు మీద గాలిలో నిలబడ్డ బండికి ఆ దారి ఎక్కడిది?

ఆటోనగర్ టింకరింగ్:
చాసీ లోపలికి కోటింగ్ చేరదన్న మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. కానీ చక్రాల పైన రాళ్లు తగిలే చోట ఆయిల్ నిలవదు, అక్కడ కోటింగే ఉండాలి, ఆ మాట మీద నేను వెనక్కి తగ్గను. ఇంకో అనుమానం, 2015 నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం అంటారు కదా, మరి ఇంత చర్చ ఎందుకు?

నిజాంపేట రిటర్న్:
బాడీ, టబ్ అల్యూమినియం. చాసీ ఇనుమే భయ్యా, బ్రేకు పైపులు, కమాన్లు, బోల్టులు అన్నీ అంతే. అక్కడ నాకు ఎక్కువ భయం బ్రేకు పైపులతోనే. నా మొదటి బండికి పార్కింగ్‌లోనే పైపు పగిలి పెడల్ నేలకి వెళ్లిపోయింది, అదే హైవే మీద అయ్యుంటే ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు. అల్యూమినియం, ఇనుము కలిసే చోట ఉప్పు నీళ్లు చేరితే అదో రకం తినుడు.

చక్రాల పైన రాళ్లు తగిలే చోట కోటింగ్ ఉండనివ్వండి, దానితో నాకు గొడవ లేదు. మలక్‌పేట అన్నా, మీ తమ్ముడికి ఇంకో ముఖ్యమైన మాట చెప్పండి. ఉప్పు పట్టిన బండిని రాత్రి వెచ్చటి గ్యారేజీలో పెడితే తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. గడ్డకట్టే చలిలో బయట ఉన్నదే నయం. ఎండ కాసి మంచు కరిగిన రోజున బండి కింద మంచినీళ్లతో కడిగించాలి. చాసీ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు బురదతో మూసుకుపోతాయి, వాటిని పుల్లతో తెరవాలి. టబ్ కింద స్టెప్నీ వేలాడే చోట బురద మేట వేస్తుంది, అక్కడ ఎవ్వరూ చూడరు.

మలక్‌పేట ట్రాలీ:
ఇవాళ పొద్దున తమ్ముడికి వీడియో కాల్ చేసి బండి కిందికి దూరమన్నాను. వెనక యాక్సిల్ పైన చాసీ వంపు తిరిగే చోట ఇంతకుముందు ఓనరే నల్ల కోటింగ్ వేయించి ఉన్నాడు. అది రెండు చోట్ల బుడగలా ఉబ్బింది. సుత్తితో తట్టమన్నాను. ఒకవైపు ఖంగుమంది, ఉబ్బిన దగ్గర డొల్లగా డబ్‌మంది. నాకు గుండె ఝల్లుమంది, అచ్చం మా బొలెరోకి అయినట్టే.

ఇంకా చిల్లు పడలేదు. ముందు వెల్డింగ్ తెలిసిన మెకానిక్‌కి చూపించి, వదులైన కోటింగంతా గీకించి, కడిగి బాగా ఆరాక లోపలా బయటా ఊలు మైనం కొట్టించమన్నాను. బ్రేకు పైపులు కూడా చూడమన్నాను. గట్టిగా అతుక్కుని ఉన్న కోటింగ్ జోలికి పోవద్దన్నాను, ఆటోనగర్ భయ్యా మాట ప్రకారం.

మా రెండో బండికి ఇంకా ఏ కోటింగూ వేయలేదు. టబ్ సందులు మూయించి, ఐసు నీళ్లు చాసీని తాకకుండా ఒక పైపుతో పక్కకి వదిలేలా చేయించాలి. ఆదివారం మార్కెట్ అయ్యాక బండి తీసుకుని మీ షాపుకే వస్తాను భయ్యా, గీకేటప్పుడు నేను పక్కనే నిలబడతాను.